పసివాళ్ళు బొమ్మను వినే గది మన నగరంలో ఒకటి ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నగరంలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు కొందరు ఏర్పాటు చేసిన ‘శబ్దం చేసే బొమ్మల’ గురించి ఈమధ్య మీ ఆదివారం పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం అచ్చయింది. పెద్దవాళ్ళకే అర్థం కాని అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులను (ఫలానా వస్తువు అని పోల్చలేని నైరూప్య చిత్రాలను) మూడేళ్ళ పిల్లల ముందు పెట్టి, వాటికి స్పీకర్లు తగిలించి, దాన్ని చదువు అనడం ఏమిటని ఆయన అడిగారు. సరైన మరుగుదొడ్లు లేని స్కూళ్ళు ఉండగా ఈ ఖర్చు దేనికని కూడా అడిగారు. రెండో ప్రశ్న న్యాయమైనది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొదటిదానికి మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేను. ఆ బొమ్మల దగ్గరికి పిల్లలను తీసుకెళ్ళిన టీచర్లలో నేనూ ఒకదాన్ని.

పద్మారావునగర్‌లో ఒక చిన్న ప్లేస్కూల్లో పనిచేస్తాను. రెండున్నరేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలు మా దగ్గర ఉంటారు. ఆటో డ్రైవర్ల పిల్లలు, గాంధీ ఆస్పత్రి నర్సుల పిల్లలు, బ్యాంకు ఉద్యోగుల పిల్లలు, అందరూ కలిసే కూర్చుంటారు. మా ఆయనకు కోఠిలో ఆంప్లిఫయర్లు, మైక్ సెట్లు రిపేరు చేసే షాపు ఉంది. ఈ ఉత్తరంలో వైర్ల సంగతి వచ్చిన చోటల్లా ఆయన దగ్గర అడిగి రాసినదే.

ఆ ప్రదర్శనలో ఉన్నది ఇది. గోడకు అడ్డంగా ఒక పెద్ద ఖాదీ గుడ్డ బిగించారు, మన నడుం ఎత్తు నుంచి నేల దాకా. దానిమీద ఒక లావుపాటి నల్ల గీత వంపులు తిరుగుతూ పోతుంది. ఒక పక్క పెద్ద ఎర్రటి ఆకారం, కింద ముదురు నీలం, ఇంకో మూల కొసలు తేలిన పసుపు ముక్కలు, మిగతాదంతా తెలుపు. గుడ్డ వెనకాల రాగి టేపు అంటించి, అక్కణ్ణుంచి వైర్లను ఒక చిన్న సర్క్యూట్ బోర్డుకు కలిపారు. నీలం మీద చెయ్యి ఆనిస్తే తంబురా మంద్రంగా మోగుతుంది, చెయ్యి తీసేదాకా మోగుతూనే ఉంటుంది. పసుపు ముట్టుకుంటే సన్నాయి పైస్థాయిలో ఒక్క క్షణం పలికి ఆగిపోతుంది. ఎరుపు మీద డప్పు. నల్ల గీత వెంట అరచెయ్యి జరుపుకుంటూ పోతే స్వరం కింద నుంచి పైకి పాకుతుంది. తెలుపు ఏమీ పలకదు.

మా స్కూల్లో మూడున్నరేళ్ళ పిల్లాడొకడు ఉన్నాడు. క్లాసులో నోరు విప్పడం చాలా తక్కువ. వాడు నేరుగా నీలం దగ్గరికి వెళ్ళి అరచెయ్యి పెట్టాడు. మోగింది. తీశాడు, ఆగింది. మళ్ళీ పెట్టాడు. కాసేపటికి చెంప కూడా గుడ్డకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పక్కనుంచి ఎవరో లాక్కెళ్ళి పసుపు ముట్టుకోమంటే ముట్టుకుని, సన్నాయి వినగానే చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్ళీ నీలం దగ్గరికే వచ్చేశాడు. ఆ బొమ్మలో తన చోటు ఏదో, తనకు పడని చోటు ఏదో వాడు ఎవరూ చెప్పకుండానే తేల్చుకున్నాడు. గ్యాలరీలో పెయింటింగ్ ముందు చేతులు కట్టుకుని నిలబడే పెద్దమనిషి చేసే పని కూడా అదే కదా.

ఎరుపుకూ నీలానికీ మధ్య దూరం ఎక్కువ. చిన్నపిల్లల చేతులకు రెండూ ఒకేసారి అందవు. అది విద్యార్థులు ఆలోచించి పెట్టిన దూరమేనని తర్వాత వాళ్ళే చెప్పారు. ఇద్దరు ఆడపిల్లలు కాసేపు వేళ్ళు చాచి చూసి, అందక, చివరికి పనిని పంచుకున్నారు. “నువ్వు నీలం ఇడువకు, నేను ఎరుపు కొడ్త” అని ఒకతి ఇంకొకదానికి చెప్పింది. తంబురా కింద ఆగకుండా మోగుతుంటే పైన డప్పు పడుతోంది. రెండు రంగులు పక్కపక్కన ఉంటే ఒకటి రెండోదాన్ని ఎలా మారుస్తుందో ఆర్ట్ కాలేజీలో ఒక సెమిస్టర్ చెబుతారు. వీళ్ళిద్దరూ దాన్ని చెవితో పట్టుకున్నారు. ఇంకో పాప తెలుపు మీద చాలాసేపు తట్టి చూసి, “టీచర్, ఇక్కడ సప్పుడు లేదు, ఇది పండుకున్నది” అంది. ఆ తర్వాత డప్పు రెండుసార్లు కొట్టి, ఒకసారి తెలుపును తాకి, మళ్ళీ డప్పు కొట్టడం మొదలుపెట్టింది. విరామం ఎక్కడ ఇవ్వాలో తనకు తానే నిర్ణయించుకుంది.

మరునాడు క్లాసులో రంగులు ఇచ్చి కూర్చోబెట్టాను. మామూలుగా అయితే ఇల్లు, సూర్యుడు, అమ్మ, జెండా వస్తాయి. ఆ రోజు కాగితాల నిండా మందపాటి పట్టీలు, చుక్కలు, గీతలే వచ్చాయి. గీస్తూ నోటితో ఆ శబ్దాలు చేస్తున్నారు. ఒకడు పక్కవాడి కాగితం చూసి “గిది ఎట్ల మొత్తుకుంటది?” అని అడిగాడు. అవతలివాడు నోటితో చేసి వినిపించాడు. నేను ఇన్నేళ్ళుగా పిల్లలకు రంగులిస్తున్నాను, ఒకరి బొమ్మ గురించి ఒకరు అలా అడగడం అంతకుముందు వినలేదు.

అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ పసివాళ్ళకు అర్థం కాదన్న మాటతో నాకు పేచీ ఇక్కడే. పిల్లకు ఏ బొమ్మ చూపించినా మనం అడిగే మొదటి మాట “ఇదేంటి నాన్నా?” అని. ఏనుగు అంటే శభాష్ అంటాం. ఆపిల్ బొమ్మ చూపించి ఆపిల్ అనిపిస్తాం. పలక పట్టిన రోజు నుంచి బొమ్మ అంటే ఒక పేరు చెప్పాల్సిన ప్రశ్న అని అలవాటు చేస్తాం. అలా పెరిగిన పిల్లను తీసుకెళ్ళి నైరూప్య చిత్రం ముందు నిలబెడితే, అది బొమ్మను చూడదు, మన మొహం చూస్తుంది. జవాబు ఎక్కడుందో అని వెతుక్కుంటుంది. నగరంలో ఒక గ్యాలరీలో ఇది కళ్ళారా చూశాను. ఒక తండ్రి నాలుగేళ్ళ కూతురిని ఎత్తుకుని ప్రతి కాన్వాస్ దగ్గరా “ఏం కనిపిస్తోంది? చేపా? కొండా?” అని అడుగుతూ వెళ్ళాడు. ఆయన ప్రేమగానే అడుగుతున్నాడు. పాప మూడో బొమ్మకే విసిగిపోయి ఇంటికి పోదామంది.

శబ్దంతో ఈ చిక్కు లేదు. తంబురా శ్రుతి వినిపించి ఇది దేని బొమ్మ అని ఎవరూ అడగరు. సన్నాయి పలికితే దాని అర్థం చెప్పమని పిల్లల్ని నిలదీయరు. హెచ్చుగా ఉంది, తగ్గుగా ఉంది, దగ్గరికి రావాలనిపిస్తోంది, దూరం పోవాలనిపిస్తోంది, అంతే. నైరూప్య చిత్రం మనల్ని కోరేది కూడా అదే చూపును. చెవికి పుట్టుకతో ఉన్న ఆ స్వేచ్ఛను కంటికి తెచ్చిపెట్టడానికి, తాకితే పలికే బొమ్మ నేను చూసినంతలో అన్నిటికంటే దగ్గరి దారి. రెండున్నరేళ్ళ పిల్లకు మాటలతో చెప్పలేనిది చేత్తో చెప్పవచ్చు.

ఇది ఇప్పటి ఫ్యాషన్ అని కొందరు అనుకుంటున్నారు. నైరూప్య చిత్రకళ పుట్టిన ఇంట్లోనే సంగీతం ఉంది. రష్యాలో పుట్టిన చిత్రకారుడు వాసిలీ కాందిన్‌స్కీ 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ అనే సంగీతకర్త కచేరీ విని, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే దాన్ని బొమ్మగా వేశారు. కాన్వాస్‌లో పెద్ద భాగం ఒక్క పసుపే ఆక్రమించి ఉంటుంది. ఆయన తన చిత్రాలకు సంగీతంలో వాడే కంపోజిషన్, ఇంప్రొవైజేషన్ లాంటి పేర్లే పెట్టుకున్నారు. లేత నీలం వేణువులా, ముదురు నీలం చెల్లోలా (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం), ఇంకా ముదిరితే ఆర్గన్‌లా వినిపిస్తుందని, పసుపు ట్రంపెట్ లాగా గట్టిగా పలుకుతుందని, తెలుపు ఒక నిశ్శబ్దమని, అయితే అది ఇంకా ఏదో మొదలు కాబోయే నిశ్శబ్దమని రాశారు. మా పాప తెలుపును పండుకున్నది అన్నప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. ఇంకో చిత్రకారుడు పాల్ క్లే అయితే స్వయంగా వయొలిన్ వాయించేవారు. ఈ ఇద్దరి బొమ్మలూ మన దేశానికి కొత్తవేమీ కావు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో జర్మనీలోని బౌహౌస్ కళా విద్యాలయానికి చెందిన కళాకారుల చిత్రాలతో పాటు ఇవీ పెట్టారు.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా చిన్నప్పుడు బడిలో కుదురుగా కూర్చోలేకపోతే, మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ ఉండమన్నారట. పెద్దయ్యాక ఆయన కాన్వాసుల నిండా నల్లటి బిందువై నిలిచింది ఆ చుక్కే అని ఆయనే చెప్పేవారు. మన కరీంనగర్ జిల్లాలో పుట్టి నారాయణగూడలో స్థిరపడిన పి.టి.రెడ్డి గారు తాంత్రిక రూపాలతో, త్రికోణాలతో, వలయాలతో వేసిన చిత్రాలు ఈ ఊరివే. మన పిల్లల్లో ఎంతమందికి వాటిని చూసే అవకాశం వచ్చింది? ఇక ముగ్గు ఉంది. మెలికల ముగ్గు ముందు నిలబడి ఇది దేని బొమ్మ అని మన ఇళ్ళలో ఎవరూ అడగరు. చుక్క తప్పకుండా గీత తిరిగి వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. నైరూప్యాన్ని చూడడం మనకు తెలుసు, గ్యాలరీలో అడుగు పెట్టేసరికి మరిచిపోతున్నాం.

పిల్లలకు ఆకారానికీ శబ్దానికీ మధ్య సంబంధం తెలుస్తుందా అని అడిగేవాళ్ళకు పరిశోధన కూడా ఉంది. జర్మన్ మనస్తత్వవేత్త వుల్ఫ్‌గాంగ్ కోలర్ 1929లోనే దీన్ని గమనించారు. 2001లో మెదడు గురించి పరిశోధించే వి.ఎస్.రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ ఒక కోసుల ఆకారం, ఒక గుండ్రటి ఆకారం చూపించి వీటిలో ‘కికి’ ఏది, ‘బూబా’ ఏది అని అడిగితే నూటికి 95 మంది కోసులదాన్నే కికి అన్నారు. అమెరికా విద్యార్థులతో పాటు తమిళం మాట్లాడేవాళ్ళూ అదే మాట చెప్పారు. 2006లో కెనడాలో రెండున్నరేళ్ళ పిల్లలతో చేస్తే వాళ్ళూ అటే మొగ్గారు. అంటే అక్షరాలు రాకముందే, చదవడం నేర్చుకోకముందే గీత వాళ్ళకు పలుకుతోంది. నేను మా బోర్డు మీద రెండు ఆకారాలు గీసి అడిగాను. దాదాపు అందరూ ఒకటే చెప్పారు. ఒక్క పాప మాత్రం గట్టిగా కాదంది. కికి వాళ్ళింటి కుక్కపిల్ల పేరట, అది గుండ్రంగానే ఉంటుందట. ఆ జవాబు నాకు చాలా నచ్చింది. వినడం, చూడడం, బతుకులో ఉన్నది, మూడూ అందులో కలిశాయి.

ఇలాంటి అనుభవానికి హైదరాబాద్ కంటే తగిన ఊరు లేదని నా నమ్మకం. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీద బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళిన ఎవరినైనా అడగండి. కోటలో రాజుల పేర్లు ఒక్కటీ గుర్తుండవు, చప్పట్లు మాత్రం గుర్తుంటాయి. కట్టడం తన పనికి జవాబిచ్చిందని పిల్లకు తెలియడమే అందుకు కారణం. సాలార్‌జంగ్ మ్యూజియంలో మ్యూజికల్ క్లాక్ దగ్గర గంట గంటకూ జనం గుమికూడేది కూడా ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ శబ్దం కోసమే. కానీ రెండింటికీ తేడా ఉంది. గడియారం దగ్గర పిల్ల ప్రేక్షకురాలు. కోటలో శబ్దం చేసేది పిల్లే. నేను అడుగుతున్నది రెండో రకం.

ఈ తేడా ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పిల్లల కోసం కళ అనగానే ఇప్పుడు గోడల నిండా ప్రొజెక్టర్ బొమ్మలు వేసి పెద్ద మ్యూజిక్ పెట్టే షోలు వస్తున్నాయి. టిక్కెట్టు కొని, చీకటి గదిలో కూర్చోబెట్టి, రంగులు పైనుంచి కురిపిస్తారు. అందులో పిల్ల చెయ్యడానికి ఏమీ లేదు. మూడేళ్ళ పిల్ల చెయ్యి ఎత్తితే ఏదో ఒకటి మారాలి, ఆపితే ఆగాలి. ఇది తను చేసింది అని తెలియాలి. కెనడా కళాకారుడు డేవిడ్ రోకెబీ 1980లలోనే కెమెరా ముందు మనిషి కదిలితే ఆ కదలికకు తగ్గట్టు శబ్దం పుట్టే ఏర్పాటు చేశారు. మాంట్రియల్‌లో 2011లో వీధిలో 21 ఊయలలు పెట్టారు. ఒక్కో ఊయల ఊగితే ఒక్కో స్వరం, నలుగురు కలిసి ఊగితేనే పూర్తి రాగం వచ్చేలా చేశారు. అసలు కరెంటు లేకుండా కూడా ఇలాంటివి చేయవచ్చు. ఫ్రాన్స్‌లో బాషే సోదరులు 1950ల నుంచి లోహపు రేకులతో, తడి వేళ్ళతో నిమిరితే మోగే గాజు కడ్డీలతో శిల్పాలు చేశారు. పిల్లలు వాయించడానికని ప్రత్యేకంగా ఒక సెట్టే తయారు చేశారు. పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్ళు, నిర్మల్‌లో చెక్క బొమ్మలు చేసేవాళ్ళు మనకున్నారు. ఇలాంటివి వాళ్ళ చేత చేయించుకోవచ్చు.

ఇప్పుడు ఖర్చు మాట. స్కూళ్ళలో మరుగుదొడ్లు ముందు కావాలన్న పాఠకుడితో నాకు ఏ విభేదమూ లేదు. ఆ విషయంలో ఆయన ఏ అర్జీ రాసినా కింద సంతకం పెడతాను. అయితే ఆ గుడ్డ బొమ్మలో ఉన్నదంతా లెక్కేస్తే కోట్లు లక్షలు కావు. రాగి టేపు, తాకిడిని పసిగట్టే పీజో డిస్కులు, ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, చిన్న ఆంప్లిఫయర్, స్పీకర్లు, అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరికే సామాను. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి షాక్ భయం లేదు. ఖరీదైనది మనిషి శ్రమ, ఆలోచన. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు పెట్టాలి. హైటెక్ సిటీ ఉన్న ఊరిలో ఒక గదికి డబ్బు పుట్టదని నేను అనుకోను.

డబ్బు కంటే నాకు టెన్షన్ పెట్టేది మెయింటెనెన్స్. ఒక చోట పిల్లల కోసం పెట్టిన బటన్ల గోడ చూశాం. ప్రారంభించిన కొత్తలో అన్నీ పనిచేశాయట. మేము వెళ్ళేసరికి సగం బటన్లు నొక్కినా ఏమీ రాలేదు. పిల్లలు నొక్కి నొక్కి, ఏమీ రాకపోయేసరికి, బాదడం మొదలుపెట్టారు. గార్డు వచ్చి పిల్లల్ని కోప్పడ్డాడు. తప్పు వైరుది, తిట్లు పిల్లలకు. మా ఆయన చెప్పేది ఏమిటంటే, పసివాళ్ళు వాడే వస్తువులో వైరు ఎక్కడ లాగితే ఊడుతుందో ముందే ఊహించి అక్కడ బిగింపు ఇవ్వాలి, రాగి టేపు నెలల్లో నల్లబడుతుంది కాబట్టి మార్చడానికి వీలుగా గుడ్డను వెల్క్రోతో పెట్టాలి, వారానికి ఒకసారి అన్నీ తాకి చూసే మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలి. ఇంకొకటి. తాకగానే మోగాలి. కొంచెం ఆలస్యమైనా పెద్దవాళ్ళం సర్దుకుంటాం. పిల్ల మాత్రం ఆ శబ్దం తన చేతి నుంచి వచ్చిందని నమ్మదు, వదిలేసి వెళ్ళిపోతుంది.

శబ్దాల ఎంపిక విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. సినిమా పాటలు వద్దు, రైమ్స్ వద్దు. తెలిసిన పాట వినగానే పిల్లలు పాడతారు, గెంతుతారు, బొమ్మను మరిచిపోతారు. ఆవు బొమ్మ మీద అంబా అనిపించడం అసలే వద్దు, మళ్ళీ పేర్లు చెప్పే చదువే అవుతుంది. ఒక బొమ్మకు నాలుగైదు శబ్దాలు మించకూడదు. కొన్ని చోట్ల ఏ శబ్దమూ ఉండకూడదు. మోత అంతకన్నా పెద్ద విషయం. మన నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగటిపూట హద్దు 55 డెసిబెల్స్. గది ఆ మాత్రం నెమ్మదిగా ఉన్నా చాలు. పండగ పందిళ్ళ దగ్గర, ఫంక్షన్ హాళ్ళలో డీజే పెట్టెల ముందు నిలబడే పసివాళ్ళ చెవుల గురించి మనకు పట్టింపు లేదు. కనీసం వాళ్ళ కోసం కట్టే గదిలోనైనా ఆ పట్టింపు ఉండాలి. స్పీకరు పిల్ల చెవి ఎత్తులో, చెవికి దగ్గరగా పెట్టకూడదు. గోడలకు, పైకప్పుకు మందపాటి గుడ్డలు కట్టి గింగురు తగ్గించాలి. లేకపోతే పదిమంది పిల్లలు చేరేసరికి ఏ శబ్దం ఎవరిదో తెలియదు.

వినికిడి లేని పిల్లలను ఇందులో మరిచిపోవద్దు. మా స్కూలుకు ఒకప్పుడు హియరింగ్ ఎయిడ్ పెట్టుకునే పాప వచ్చేది. డప్పు మోగితే నేల మీద అరచేతులు ఆనించి వినేది. చెక్క పలకల నేల వేసి, కింద కంపనాలు పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్లు బిగిస్తే అలాంటి పిల్లలు పాదాలతో, వీపుతో వింటారు. నీలం ఎంత లోతుగా ఉందో వాళ్ళకూ తెలుస్తుంది. హఠాత్తు శబ్దాలకు భయపడే పిల్లలు కూడా ఉంటారు, ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ ఇబ్బంది ఉంటుంది. వాళ్ళ కోసం వారంలో ఒక పూట వాల్యూమ్ తగ్గించి, ఒకేసారి ఇద్దరు ముగ్గురినే పంపే ఏర్పాటు చేయవచ్చు.

ఎక్కడ పెట్టాలంటే, నా మనసులో మొదట ఉన్నది పబ్లిక్ గార్డెన్స్‌లోని బాలభవన్. నాంపల్లి, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. అన్ని వైపుల నుంచీ బస్సులు వస్తాయి, చుట్టూ చెట్లున్నాయి, పిల్లలకు కొత్త చోటు కాదు. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, మంచి హాళ్ళున్నాయి. కానీ మా వైపు నుంచి పాతికమంది పసివాళ్ళను అంత దూరం తీసుకెళ్ళి తీసుకురావడం కష్టం. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఢిల్లీ, ముంబై, బెంగళూరులో ఉంది, మనకు లేదు. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక గదితో మొదలుపెట్టవచ్చు.

గదికి రాలేని పిల్లల దగ్గరికి బొమ్మే వెళ్ళాలి. జాతీయ విద్యా విధానం 2020 మూడేళ్ళ వయసు నుంచే పునాది దశ అంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఆ వయసు పిల్లల కోసం ఆటవస్తువులు, తోలుబొమ్మలు, పజిళ్ళతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను విడుదల చేసింది. అలాగే చుట్ట చుట్టి సంచిలో పెట్టుకోగల పలికే గుడ్డ బొమ్మలు నాలుగైదు తయారు చేస్తే, అంగన్‌వాడీ నుంచి అంగన్‌వాడీకి తిప్పవచ్చు. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు అది ప్రాజెక్టు పని అవుతుంది. పాలిటెక్నిక్ పిల్లలు సర్క్యూట్లు చూసుకుంటారు. అంగన్‌వాడీ టీచర్లకు నేర్పాల్సింది ఒక్క పూట పని. అందులో సగం సేపు, బొమ్మ ముందు “ఇదేంటి?” అని అడగకుండా ఉండడం సాధన చేయించాలి. నాకైతే ఆ అలవాటు మానడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు నేను అడిగేది “ఎక్కడ ముట్టుకుందాం?” అని.

బాలభవన్ అధికారులు గానీ, సాంస్కృతిక శాఖ గానీ ఒక గదీ, గోడలకు మేకులు కొట్టుకునే అనుమతీ ఇస్తే, మొదటి బొమ్మకు వైరింగ్ తాను ఉచితంగా చేసిపెట్టి, ఏడాదిపాటు ఆదివారాలు వచ్చి చూసుకుంటానని మా ఆయన అన్నారు. ప్రదర్శన పెట్టిన విద్యార్థులు గుడ్డ, రంగులు తామే తెచ్చుకుంటామన్నారు. శనివారం మధ్యాహ్నాలు నేను వచ్చి పిల్లలతో ఉంటాను. మా ఫోన్ నంబర్లు ఈ ఉత్తరంతో పాటు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. అడిగినవాళ్ళకు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ప్లేస్కూల్ టీచర్
పద్మారావునగర్, సికింద్రాబాద్